తాడు కట్టిన బెంచీలు

శౌరిపేట గుడిలో మగవాళ్ళ వైపు పన్నెండు బెంచీలు, ఆడవాళ్ళ వైపు చాపలు ఉండేవి. ఆ పన్నెండిట్లో వెనక నాలుగింటికి ప్రతి ఆదివారం పొద్దున్నే కొబ్బరితాడు అడ్డంగా కట్టడం మాణిక్యం పని. ఆలస్యంగా వచ్చిన మగవాళ్ళు గుమ్మం పక్కనే కూలబడి, ప్రసంగం మొదలవగానే బీడీ కోసం జారుకోకుండా, చచ్చినట్టు ముందుకి నడవాలని ఆ ఏర్పాటు. వాళ్ళు ఆ తాడు విప్పుకుని కూర్చునేవాళ్ళు. విప్పలేనంత గట్టిగా ముడి వేస్తే కిందనుంచి దూరేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఆమె కడుతూనే ఉంది, వాళ్ళు విప్పుతూనే ఉన్నారు. ముందు బెంచీలు మాత్రం ఎప్పుడూ ఖాళీగానే ఉండేవి.

రామవరప్పాడు దాటాక రైవస్ కాలవ గట్టు మీద రెండు వందల గడప ఆ పేట. గంట స్తంభం దగ్గర నిలబడి పడమటికి చూస్తే గుణదల కొండ మీది శిలువ కనిపిస్తుంది. ఊరంతా కతోలికులే. మగవాళ్ళు ఆటోనగర్ షెడ్లలో, లారీల మీద, కట్టుబడి పనుల్లో ఉండేవాళ్ళు. ఆడవాళ్ళు పొలం పనికి, ఇళ్ళలో పనికి వెళ్ళేవాళ్ళు. పెద్ద గుడి, ఫాదర్ గారి బంగళా మూడు మైళ్ళ అవతల ఉండేవి. దాన్ని అందరూ సెంటరు అంటారు. అక్కణ్ణుంచి ప్రతి ఆదివారం ఏడున్నరకి చిన్న ఫాదర్ స్కూటర్ మీద వచ్చి పూజ చేసి వెళ్ళేవారు.

మాణిక్యం మంగళగిరి పక్క పల్లె నుంచి పదిహేడో ఏట ఇక్కడికి కోడలిగా వచ్చింది. మొగుడు ఇశ్రాయేలు గంట కొట్టేవాడు, గుడి ఊడ్చేవాడు. పీఠం వెనక వస్తువుల గదిని ఆనుకుని ఉన్న చిన్న గదిలో కాపురం. పిల్లలు కలగలేదు. ఎనభై మూడులో కామెర్లు వచ్చి ఇశ్రాయేలు పోయాడు. ఆడమనిషి గంట కొట్టడమేమిటని పేటలో కొందరు గొణిగారు. వేరే మనిషి దొరికేదాకా కొట్టనీయండి అన్నారు అప్పటి ఫాదర్. ఆ వేరే మనిషి దొరకలేదు. దొరికించుకోవాలని ఎవరూ వెతకనూ లేదు. అలా పద్నాలుగేళ్ళు గడిచాయి. తెల్లవారుజామున, మధ్యాహ్నం, సాయంత్రం త్రికాల జపానికి గంట కొట్టడం, శనివారం నేల కడగడం, ఆదివారం చాపలు పరచడం, పూజ జరుగుతున్నంతసేపూ వెనక గుమ్మం దగ్గర గంటతాడు పట్టుకుని నిలబడటం. పూజలో ఆమె కూర్చున్నది ఎవరూ చూడలేదు.

బెంచీలు మగవాళ్ళకే ఎందుకంటే, అవి వచ్చిన ఏడు చందాలు తిరిగింది మగవాళ్ళు. చంటిపిల్లల తల్లులకి నేలే సుఖమని తీర్మానించిందీ వాళ్ళే. అది ఎవరూ కాగితం మీద రాయలేదు. రాయాల్సిన అవసరం కూడా పడలేదు. ఆదివారం ఆడవాళ్ళు నూట ముప్పై మంది దాకా వచ్చేవాళ్ళు. చాపల మీద మోకాలికి మోకాలు తగిలేలా తొంభై మంది ఇరుక్కుంటే, మిగిలినవాళ్ళు తూర్పు వరండాలో కూర్చునేవాళ్ళు. ఎండాకాలం ఎనిమిదయ్యేసరికి ఆ వరండాలోకి ఎండ నిలువునా దిగేది. మగవాళ్ళు పది, పన్నెండు మంది. వరండాలో చోటు చాలడం లేదని మాణిక్యం ఎన్నిసార్లు బాధపడిందో లెక్కలేదు. లోపల బెంచీలు ఖాళీగా ఉన్నాయన్న సంగతి, వరండాలో చోటు లేదన్న సంగతి ఆమె బుర్రలో ఎన్నడూ ఒకచోట కలుసుకోలేదు.

తొంభై ఏడు మే నెల మొదటి ఆదివారం చిన్న ఫాదర్ బదులు సెంటరు నుంచి పెద్ద ఫాదర్ చిన్నప్ప గారే వచ్చారు. పూజ చేస్తూ మధ్య మధ్య తలెత్తి గుడిని పరకాయించి చూశారు. పూజ అయ్యాక పీఠం పక్కన నిలబడి, నల్ల అట్ట డైరీలో ఏదో రాసుకుని, గుడి పెద్ద బాలశౌరిని పిలిచారు. మాణిక్యం చాపలు చుడుతూ అక్కడే ఉంది.

"సగం గుడి ఖాళీగా ఉంది బాలశౌరీ."

"ఎండలండీ. మగోళ్ళు పనుల మీద ఉంటారు ఫాదర్ గారూ," అన్నాడు బాలశౌరి. అరవై దాటిన మనిషి. రైల్వేలో గ్యాంగ్‌మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. ఎవరితో మాట్లాడినా పట్టాల మీద కూలీలకి చెప్పినట్టే గొంతు పెద్దది. ఫాదర్ల దగ్గర మాత్రం తగ్గుతుంది.

"చిన్న ఫాదర్‌కి బదిలీ అయింది. జూన్ నుంచి నేనొక్కణ్ణే. ఆదివారం మూడు చోట్ల పూజ చెయ్యడం ఈ వయసులో నా వల్ల కాదు. కాలవ అవతలి ఊరు, మీ ఊరు, ఈ రెండిట్లో ఒక దానికే ప్రతి వారం వస్తాను. రెండోదానికి నెలకొకసారి. వాళ్ళది రేకుల షెడ్డు, అయినా కిటకిటలాడుతోంది. జూన్ ఒకటో తారీఖు ఆదివారం మళ్ళీ వస్తాను. ఆ రోజు చూసి చెబుతా."

మాణిక్యం చాప చుట్టడం ఆపింది. "నెలకొకసారైతే గుడి ఎట్టా ఫాదర్?"

"తాళం వేసి ఉంచుతామమ్మా. నెలకోసారి తెరిచేదానికి ఇక్కడ మనిషెందుకు. సెంటరు నుంచి ఎవరో వచ్చి ఊడ్చిపోతారు."

ఆయన కఠినంగా అనలేదు. ఆ పీఠం వెనక గదిలో ఒక మనిషి పద్నాలుగేళ్ళుగా ఒంటరిగా వండుకుని తింటోందని ఆయనకి తెలియదు, అంతే. జీపు ఎక్కి వెళ్ళిపోయారు. మాణిక్యం చాప మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టింది. పూజ పోతే గంట పోతుంది. గంట పోతే గది పోతుంది. యాభై రెండేళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పులతో, మంగళగిరిలో అక్క కొడుకు ఇంటి అరుగు మీదికి మూట పట్టుకుని వెళ్ళాలి.

నాలుగు వారాలుంది. మగవాళ్ళని లోపలికి తెస్తే చాలనుకుంది ఆమె.

గుడికి ఎదురుగా రోడ్డవతల హనుమయ్య టీ బంకు ఉండేది. ఆదివారం శౌరిపేట మగవాళ్ళంతా గుడి బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని ఇంటి దగ్గర బయల్దేరి, సరిగ్గా ఆ బంకు దగ్గర ఆగిపోయేవాళ్ళు. చివరి దీవెనకి లేచి వచ్చి గుమ్మంలో శిలువ గుర్తు వేసుకుని పెళ్ళాలతో కలిసి ఇళ్ళకి పోయేవాళ్ళు. ఆ మరుసటి ఆదివారం మొదటి గంట కొట్టి మాణిక్యం బంకు దగ్గరికి వెళ్ళింది.

"అబ్బాయిలూ, లోపలికి రండయ్యా. గుడి పోయేట్టుంది."

"ఎక్కడికి పోయిద్ది పిన్నీ, పునాది గట్టిదే," అన్నాడు లారీ క్లీనర్ జోజయ్య.

"నవ్వకురా. బెంచీలు ఖాళీగా ఉన్నాయని పెద్ద ఫాదర్ రాసుకుపోయారు."

"ప్రసంగం ఇక్కడికి బాగానే వినబడుద్ది గదా. మైకు పెట్టించింది ఎందుకంట?"

హనుమయ్య టీ ఎత్తి పోస్తూ అన్నాడు. "వాళ్ళ సంగతేమో గానీ మాణిక్యమ్మా, వినీ వినీ నాకు సగం వచ్చేసింది. మొన్న మా ఆవిడ కొబ్బరికాయ కొడతంటే ఆమెన్ అన్నా. అన్నం పెట్టలేదు."

అందరూ నవ్వారు. మాణిక్యానికీ నవ్వొచ్చింది. అది ఆపుకుని, "పోనీ ఆ ఒక్క ఆదివారం బంకు మూసేయి హనుమయ్యా," అంది.

"మూస్తే గట్టు మీద కల్లు దుకాణానికి పోతారు. నా దగ్గరుంటేనే నయం, గుడికి కనబడతా ఉంటారు."

ఆమె చేసేది లేక తిరిగొచ్చి రెండో గంట కొట్టింది. ఆ రోజు లోపలికి వచ్చిన మగవాళ్ళు తొమ్మిది మంది.

బాలశౌరికి ఇంకో ఆలోచన వచ్చింది. ఖాళీ కనిపించేది బెంచీల వల్ల కాబట్టి, బెంచీలు తీసేస్తే ఖాళీ ఉండదు అన్నాడు. మూడో ఆదివారం పొద్దున నలుగురిని పెట్టి ఎనిమిది బెంచీలు మోయించి బడి వరండాలో వేయించాడు. మిగిలిన నాలుగింటినీ దూరదూరంగా జరిపించి, వచ్చిన పదిమందిని బెంచీకి ఇద్దరు ముగ్గురు చొప్పున కూర్చోబెట్టాడు. పీఠం మెట్ల మీద నిలబడి చూశాడు. బెంచీలు పోయినచోట నాపరాళ్ళు పచ్చగా మెరిశాయి. ఇంతకు ముందు సగం గుడి ఖాళీ అనిపించేది. ఇప్పుడు ఎవరో సామాను ఎత్తుకుపోయిన ఇల్లులా ఉంది.

"ఎట్టుంది మాణిక్యం?" అన్నాడు.

"ఖాళీ చేసి పోతన్నట్టుంది పెద్దయ్యా."

అతను మొహం చిట్లించాడు.

ఆ రోజే, సువార్త చదువుతుండగా, వరండాలో కలకలం రేగింది. జోజయ్య పెళ్ళాం ఆరోగ్యమ్మ ఎండలో కళ్ళు తిరిగి పక్కకి ఒరిగిపోయింది. ఎనిమిదో నెల నిండిన మనిషి. నలుగురు ఆడవాళ్ళు చేతులమీద ఎత్తి గుమ్మంలోకి తెచ్చారు. చాపల వైపు అడుగు పెట్టే సందు లేదు. మాణిక్యం ఆలోచించలేదు. "ఇటు, ఇటు," అని మగవాళ్ళ వైపు చూపించింది. బెంచీలు లేని ఆ నాపరాళ్ళ మీద ఆరోగ్యమ్మని పడుకోబెట్టి, మొహాన నీళ్ళు చల్లి, చెంగులతో విసిరారు. చుట్టూ పదిహేనుమంది ఆడవాళ్ళు కూర్చున్నారు. ఆరోగ్యమ్మ కళ్ళు తెరిచి, ఎక్కడున్నానోనని చూసి, లేవబోయింది. "ఉండవే, చల్లగా ఉంది గదా," అని ఎవరో ఆపారు. మగవాళ్ళు తలలు తిప్పుకుని పాట పుస్తకాల్లోకి చూశారు. ఒంట్లో బాగోలేని మనిషి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

మాణిక్యం గంటతాడు దగ్గర తన చోటుకి వెళ్ళి నిలబడింది. అక్కణ్ణుంచి చూస్తే గుడి నిండుగా ఉంది. ఆమె ఒకసారి కళ్ళు మూసి తెరిచి మళ్ళీ చూసింది. నిండుగానే ఉంది. ఆ రెండు సంగతులూ అప్పుడు కలుసుకున్నాయి ఆమె బుర్రలో. కలుసుకోగానే మొదట సంతోషం కాదు, భయమే పుట్టింది.

పూజ అవగానే ఆడవాళ్ళందరూ లేచి తమ వైపుకి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే బాలశౌరి బెంచీలు తిరిగి తెప్పించాడు.

ఆ పై రెండు వారాలూ మాణిక్యం ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే సాయంత్రానికల్లా బాలశౌరి చెవిన పడుతుంది. అతను వద్దంటే ఇక చెయ్యడానికుండదు. వద్దని చెప్పక ముందు చేస్తే అది తెలియక చేసిన తప్పు. చెప్పాక చేస్తే ఎదిరించడం. ఈ తేడా ఆమెకి బాగా తెలుసు. నేల కడుగుతూ మొదటి బెంచీ దగ్గర ఆగేది. చేత్తో తడిమి చూసేది. పద్నాలుగేళ్ళుగా ఆ బెంచీలని ఆమే తుడిచింది. ఒక్కసారి వాటి మీద కూర్చుని చూద్దామని, మనిషి అలికిడి లేని మధ్యాహ్నం అనుకుంది. కూర్చోలేకపోయింది. ఖాళీ గుడిలో తాను ఒక్కతే కూర్చోలేకపోతే ఆదివారం వరండాలో వాళ్ళందరినీ ఎట్లా కూర్చోబెడుతుంది?

జూన్ ఒకటి. రోహిణీ కార్తె. ఏడు గంటలకే నాపరాళ్ళు కాలుతున్నాయి. మాణిక్యం మొదటి గంట కొట్టింది. ఆడవాళ్ళు రాసాగారు. చాపలు నిండాయి. వరండా నిండసాగింది. బంకు దగ్గర తెల్లచొక్కాలు పోగయ్యాయి. బాలశౌరి రోడ్డు మలుపులో పెద్ద ఫాదర్ జీపు కోసం పూలదండతో నిలబడ్డాడు. అతను గుడిలో లేని ఆ పావుగంటే ఆమెకున్న వ్యవధి.

మగవాళ్ళ వైపుకి వెళ్ళి, పొద్దున తానే కట్టిన తాడు విప్పింది. దాన్ని ముంజేతికి చుట్టుకుని వరండాలోకి వచ్చింది.

"లేవండమ్మా. లోపల కూచోండి. బెంచీల మీద."

ఎవరూ కదల్లేదు. ఆమె వేరే భాష ఏదో మాట్లాడినట్టు చూశారు.

"ఎవరి బెంచీల మీద?" అంది ఒకావిడ.

"ఖాళీగా ఉన్నయ్ గదా. వాటి మీదే."

"మగోళ్ళ వైపా? మా ఆయన ఇంటికెళ్ళాక ఊరుకుంటాడా అత్తా?"

"మీ ఆయన ఎక్కడున్నాడో అటు చూడు."

రోడ్డవతల ఆయన గ్లాసు ఊదుకుంటున్నాడు. ఆవిడ చూసింది, తల దించుకుంది. కానీ లేవలేదు. చాపల మీద ఉన్నవాళ్ళూ తలలు తిప్పి చూస్తున్నారు. దూరంగా జీపు హారన్ వినిపించింది. ఇంకో రెండు నిమిషాలు ఇలాగే నిలబడితే వరండా వరండాలాగే, బెంచీలు బెంచీల్లాగే ఉంటాయి. డైరీలో మళ్ళీ అదే మాట పడుతుంది.

ఆమె లోపలికి నడిచింది. మధ్య దారి వెంట పీఠం దాకా వెళ్ళి, కుడివైపు తిరిగి, మొదటి బెంచీ మీద కూర్చుంది. వెనక్కి తిరిగి చూడలేదు. వీపు మీద అంతమంది కళ్ళు ఆనడం తెలుస్తోంది. రెండో గంట కొట్టాల్సిన వేళ అది. గంటతాడు దగ్గర ఎవరూ లేరు.

చాపల వైపు నుంచి కర్ర చప్పుడైంది. స్తంభానికి ఆనుకుని కూర్చునే ముసలామె లేచింది. ఇన్నాసమ్మ, బాలశౌరి తల్లి. ఎనభై ఏళ్ళు. కర్ర టకటకలాడిస్తూ వచ్చి మాణిక్యం పక్కన కూలబడి, నిట్టూర్చి, నడుం వెనక్కి ఆనించింది.

"ఇరవై ఏళ్ళ బట్టి అనుకుంటన్నా, దీనికి ఆనుకుంటే ఎట్టుంటదోనని," అంది. తర్వాత వెనక్కి తిరిగి, "ఆరోగ్యమ్మా, రాయే. మళ్ళీ పడిపోతే మొయ్యడానికి నా వల్ల కాదు," అని కేకేసింది.

ఆరోగ్యమ్మ వచ్చింది. ఆమె వెనక ఆమె తోడికోడలు. తర్వాత చంటిపిల్లల తల్లులు ఇద్దరు. ఆ తర్వాత చీరల చప్పుడు తప్ప మాట వినిపించలేదు. బెంచీలు ఒకదాని వెనక ఒకటి కిర్రుమన్నాయి. ముందే లోపల ఉన్న ఏడెనిమిది మంది మగవాళ్ళు ఏం చెయ్యాలో తెలియక గోడవైపుకి జరిగారు. ఇన్నాసమ్మ మాణిక్యాన్ని మోచేత్తో పొడిచింది. "పో, గంట కొట్టిరా. నీ చోటు నేను చూస్తా."

ఆమె వెళ్ళి రెండో గంట కొట్టి, తిరిగి వచ్చి అదే చోట కూర్చుంది.

పెద్ద ఫాదర్ పక్క గుమ్మంలోంచి పూజ వస్త్రాలతో పీఠం మీదికి వచ్చారు. పాట మొదలైంది. బాలశౌరి గుమ్మంలో అడుగుపెట్టి ఆగిపోయాడు. అతని వెనక, గుడిలో ఏదో జరుగుతోందని పసిగట్టి బంకు దగ్గర్నుంచి వచ్చిన మగవాళ్ళు పదిమంది. వాళ్ళకి కూర్చునే చోటు లేదు. అది వాళ్ళు ఎన్నడూ ఎరగని సంగతి.

అందరూ మోకరించినప్పుడు బాలశౌరి గోడ పక్కగా ముందుకొచ్చాడు. వంగి మాణిక్యం చెవి దగ్గర అన్నాడు. పూజలో గొంతు పెంచడానికి లేదు. ఆ తగ్గు గొంతులో అతని కోపం ఇంకా ఎక్కువగా వినిపించింది.

"లేపు వీళ్ళని."

"పూజ అయినాక పెద్దయ్యా."

"ఇప్పుడు లేపు. నీకెవరిచ్చారు ఈ పెత్తనం?"

"ఫాదర్ గారు చూస్తన్నారు."

"చూడనీ. గుడి నీ మొగుడు కట్టిచ్చాడా? తాళాలు ఇటు ఇయ్యి. రేపట్నుంచి నువ్వు ఈ గుళ్ళో ఉండేది లేదు."

ఆమె నడుముకి దోపిన తాళాల గుత్తిలో గుడిదొకటి, వస్తువుల గదిదొకటి, ఆమె గదిదొకటి. మాణిక్యం బాలశౌరి మొహంలోకి చూసింది. తర్వాత తాళాలు తీసి, మోగకుండా పిడికిట్లో పట్టుకుని, అతని అరచేతిలో పెట్టింది. చేతులు జోడించి మళ్ళీ పీఠం వైపు తిరిగింది.

ఆమె ఇస్తుందని అతను అనుకోలేదు. తాళాలు చేతిలో పెట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు. మాణిక్యం పక్కన మోకరించి ఉన్న అతని తల్లి తల తిప్పకుండానే, "శౌరీ, జపం చేసుకోనీ. అడ్డం జరుగు," అంది.

సత్ప్రసాదం అందుకునే వేళ ఇంకో చిక్కు వచ్చింది. ఆ గుడిలో మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు తర్వాత. అంటే కుడివైపు బెంచీలు ముందు లేవాలి, ఎడమవైపు చాపలు తర్వాత. కుడివైపున్నది ఇప్పుడు ఆడవాళ్ళు. ఒక్క క్షణం గుడి మొత్తం ఆగిపోయింది. పెద్ద ఫాదర్ పాత్ర పట్టుకుని మెట్టు మీద నిలబడి ఎదురుచూస్తున్నారు. గోడవైపు మగవాళ్ళు ఒకరినొకరు చూసుకుంటున్నారు. మాణిక్యం ఇన్నాసమ్మ మోచెయ్యి పట్టి లేపింది. ఇద్దరూ నడిచారు. ఆయన ముసలామెకి ఇచ్చారు, మాణిక్యానికి ఇచ్చారు, కడుపు పట్టుకుని వచ్చిన ఆరోగ్యమ్మకి ఇచ్చారు. వరస సాగింది. ఆ వరస చివర మగవాళ్ళు చేరారు.

పూజ అయ్యాక ఆయన డైరీ తీసుకుని గుమ్మం దగ్గరికి వచ్చారు.

"ఇంతమంది ఎక్కణ్ణుంచి వచ్చారమ్మా?"

"ఎక్కడ్నుంచీ రాలేదు ఫాదర్. ఎప్పుడూ ఉన్నోళ్ళే. ఆ వరండాలో కూచుంటారు."

ఆయన వరండా వైపు చూశారు. ఎండ గోడ దాకా పాకింది. చెయ్యి చాపి ఆ నాపరాయి మీద పెట్టి, వెంటనే తీసేశారు. డైరీలో పాతదేదో కొట్టేసి, చాలాసేపు రాశారు. "వచ్చే ఆదివారం ఏడున్నరకి వస్తాను," అని బాలశౌరితో అన్నారు. "గంట టైముకి కొట్టించండి." బాలశౌరి చేతిలో తాళాలు ఉన్నాయి. "అట్టాగే ఫాదర్ గారూ," అన్నాడు.

జీపు వెళ్ళాక అతను గుడి తాళం వేశాడు. గది తాళం అంతకు ముందే వేసి ఉంది. మాణిక్యం కట్టుబట్టలతో, ముంజేతికి చుట్టిన కొబ్బరితాడుతో వరండాలో కూర్చుంది. పూజ నిలబడింది. తాను నిలబడలేదు. ఆమె ఏడవలేదు. మధ్యాహ్నం పన్నెండయింది, గంట మోగలేదు. పేటలో ఒక్కొక్కరే గుమ్మాల్లోకి వచ్చి గుడివైపు చూశారు. సాయంత్రం ఆరయింది, మోగలేదు. ఆరోగ్యమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయింది. జోజయ్య గుమ్మం పక్కకి తప్పుకుని, "రా పిన్నీ," అని మాత్రం అన్నాడు.

సోమవారం తెల్లవారుజామున గంట మోగింది. అరగంట ఆలస్యంగా, కుంటుకుంటూ, మూడు దెబ్బలు కొట్టాల్సినచోట రెండే కొట్టి, ఆగి, మళ్ళీ ఒకటి. హనుమయ్య బంకు తెరుస్తూ, "ఎవరికో ఆయాసం వస్తన్నట్టుంది," అన్నాడు. ఆ రోజు మూడుసార్లూ అలాగే మోగింది. మంగళవారం తెల్లవారుజామున అసలు మోగలేదు.

పొద్దెక్కాక ఇన్నాసమ్మ కర్ర పట్టుకుని ఆరోగ్యమ్మ ఇంటికి వచ్చింది. చెంగు ముడి విప్పి తాళాల గుత్తి మాణిక్యం ఒళ్ళో వేసింది.

"మా వాడికి భుజం పట్టేసిందంట."

"పంపింది పెద్దయ్యేనా?"

"మంచం మీద పెట్టి అటు తిరిగి పడుకున్నాడు. ఇంకెట్టా పంపుతాడు? మధ్యాన్నం గంట టైమవుద్ది, లే."

ఎనిమిదో తారీఖు ఆదివారం, మొదటి గంట కొట్టకముందే మగవాళ్ళు వచ్చేశారు. బంకు ఖాళీ. తమ బెంచీల మీద ఆడవాళ్ళు కూర్చున్నారన్న మాట వారమంతా ఆటోనగర్ దాకా తిరిగింది. నాలుగు వారాలు బతిమాలితే రాని వాళ్ళు, చోటు పోతుందనేసరికి తెల్లచొక్కాలు తొడుక్కుని డెబ్భై మంది వచ్చారు. ఆడవాళ్ళు ఏమీ అనకుండా చాపల వైపుకి, వరండాలోకి వెళ్ళబోయారు.

కానీ తాడు ఈసారి వెనక లేదు. శనివారమే మాణిక్యం ముందు మూడు బెంచీలకి కట్టింది. పద్నాలుగేళ్ళుగా వాళ్ళు విప్పుతున్న ముడే. వెనక, గుమ్మం పక్కన, ఎవరూ చూడకుండా విప్పడం తేలిక. పీఠం కింద, పెద్ద ఫాదర్ కళ్ళెదురుగా విప్పడానికి ఎవరి చెయ్యీ ఆడలేదు. మాణిక్యం తానే తాడు ఎత్తి పట్టుకుని, ఇన్నాసమ్మని, ఆరోగ్యమ్మని, చంటిపిల్లల తల్లుల్ని లోపలికి పంపింది.

బాలశౌరి ఆ రోజు ఆఖరున వచ్చాడు. భుజానికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. ముందుకి నడిచి, తాడు చూసి, ఆగాడు. మాణిక్యం అతని దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి, "గుమ్మం పక్క బెంచీలో ఒకరికి చోటుంది పెద్దయ్యా," అంది. గుడంతా చూస్తోంది. అతను వెనక్కి నడిచి, లారీ క్లీనర్ల మధ్య కూర్చున్నాడు.

మగవాళ్ళ ఆ పౌరుషం ఆగస్టు దాకా నిలిచింది. తర్వాత ఒక్కొక్కరే మళ్ళీ హనుమయ్య దగ్గరికి చేరారు. మాణిక్యం ఎవరినీ పిలవడానికి వెళ్ళలేదు. బెంచీ ఖాళీ అయినప్పుడల్లా తాడు ఒక బెంచీ వెనక్కి జరిపి కట్టింది. క్రిస్మస్ నాటికి అది ఎనిమిదో బెంచీ దగ్గరుంది. వరండాలో కూర్చునేవాళ్ళు లేరు. ఆరోగ్యమ్మ కూతురు పాకడం నేర్చుకున్నది ఆ ముందు బెంచీల కిందే.

రెండు వేల మూడులో ప్లాస్టిక్ కుర్చీలు వచ్చి బెంచీలు బడికి వెళ్ళిపోయాయి. తాడు మాణిక్యం గదిలో మేకుకి వేలాడుతూ ఉండేది. బట్టలు ఆరేసుకోవడానికి వాడేది. అప్పటికి ఇన్నాసమ్మ పోయింది. బాలశౌరికి రెండు కళ్ళలోనూ పొర వచ్చింది. ఆదివారం ఎవరూ తోడు లేకుండా గోడ పట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడేవాడు. ఆమె గంటతాడు దగ్గర ఉంటుందని అతనికి తెలుసు.

"ఎక్కడ కూచోమంటావు మాణిక్యం?" అనేవాడు.

ఆమె గుడంతా ఒకసారి చూసి, ఖాళీ ఎక్కడుందో వెతికి, అతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది.